కాసిడీహ్ వైఫై, మా ఆవిడ పరీక్ష

ముప్పై రెండేళ్ళు నేను చేసిన ఉద్యోగం తప్పులు పట్టడం. హిందీవాళ్ళ మధ్య ఉన్న ఈ స్టీలు ఊళ్ళో, గోవింద్‌పూర్ పక్కన ట్రక్కుల కార్ఖానాలో ఇన్‌స్పెక్షన్‌లో ఉండేవాణ్ణి. రంగు వేసి బయటికొచ్చిన క్యాబిన్ చుట్టూ చేతిలో సుద్దముక్కతో తిరిగి, ఎక్కడ గీత కనబడితే అక్కడ సున్నా చుట్టాలి. ఏ తప్పూ లేని బండి వచ్చిన రోజు నాకు అన్నం సయించేది కాదు. రిటైరయ్యాక సుద్దముక్క అక్కడే వదిలేశాను గానీ బుద్ధి మాత్రం నాతోపాటే ఇంటికొచ్చేసింది. ఇంట్లో కూర, వీధిలో మురిక్కాలవ, పేపర్లో వార్త, దేన్నీ వదల్లేదు. అందుకే మేముండే పేట కాసిడీహ్‌లో మా పార్కు ముందున్న దీపస్తంభానికి నగరపాలక ఆఫీసు వాళ్ళు ఒక తెల్లపెట్టె బిగించి, దాని కింద ‘ఉచిత వైఫై’ అని నీలం బోర్డు పెట్టిన రోజు నాకు పండగే అయింది. అంత మంచి సరుకు దొరికి చాలా కాలమైంది.

ఆ పెట్టె పద్ధతి ఇదీ. పార్కు బెంచీ దగ్గర నించుని ఫోన్లో మన నంబరు కొట్టాలి. మెసేజ్‌లో ఓటీపీ వస్తుంది. అది కొడితే ముందొక ప్రకటన చూపించి, అది మనం పూర్తిగా చూశామని నమ్మకం కుదిరాక నెట్ ఇస్తుంది. ఒక నంబరుకి రోజుకి అరగంట. అరగంట కాగానే మాట మధ్యలో ఉన్నా తెగిపోతుంది. బెంచీ నుంచి ఇరవై అడుగులు అవతలికి వెళ్తే అసలు అందదు.

ఈ పెట్టెను నెత్తిన పెట్టుకున్నవాడు మా బావ. మా ఆవిడకి అన్న. స్టీలు కార్ఖానా టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో పనిచేసి రిటైరయ్యాడు. తీగ కనబడితే చాలు, అది ఎక్కణ్ణించి వచ్చి ఎక్కడికి పోతోందో చూడందే అడుగు ముందుకి వెయ్యడు. పొద్దున నడక అయ్యాక పార్కు పక్క టీకొట్టు దగ్గర మేం నలుగురం కూచుంటాం. నేను, బావ, భాలుబాసా పేట నుంచి వచ్చే క్రేన్ పెద్దాయన, రైల్వేలో చేసిన ఇచ్ఛాపురం ఆయన. క్రేన్ పెద్దాయన నలభయ్యేళ్ళు క్రేన్ మీద ఒంటరిగా కూచుని పనిచేసిన మనిషి, మాట తక్కువ, అనుమానం ఎక్కువ. ఇచ్ఛాపురం ఆయనకి ఆఖర్న ఎవరు మాట్లాడితే వాళ్ళదే న్యాయం.

“కూరలమ్మే ముసిల్దాని జేబులో కూడా నెట్టుంది. ఇప్పుడీ స్తంభం ఎవడికి బావా? సేతులు కాలాక ఆకులట్టుకున్నట్టుంది మీ ఆఫీసోల్ల యవ్వారం” అన్నాను మొదటి రోజే.

“ఇంట్లో లైటుంది గదాని ఈదిలో దీపం పీకేత్తావేటి?” అన్నాడు బావ.

“ఈది దీపం కిందకెల్తే నీ నంబరేటి, నీ ఓటీపీ ఏటి అని అడుగుతాదా? అరగంటకి ఆరిపోతాదా?”

“ఆ అరగంటైనా ఎలుగుతాది గదా.”

“సూసేవోడు ఉండొద్దా మరి? ఎవుడి డేటా ఆడికుంది.”

“డేటా అయిపోయినోడు సూత్తాడు. రీఛార్జి సెయ్యలేనోడు సూత్తాడు. ఊరికి కొత్తగా దిగినోడు సూత్తాడు. నీకు దాహం లేదని కుళాయి కట్టేమంటే ఎలాగ బావా?”

“హఉ, అదీ నిజమే” అన్నాడు ఇచ్ఛాపురం ఆయన ఒడియా కలిపి. ఆఖర్న మాట్లాడింది బావ కాబట్టి.

ఈ వాదన దాదాపు ఏడాది నడిచింది. నేను ఊరికే వాదించేవాణ్ణి కాదు, పరీక్షించి వాదించేవాణ్ణి. ఏ రోజు పెట్టెలో దీపం వెలగలేదో, ఏ రోజు ఓటీపీ రాలేదో, ప్రకటన చూపించి నెట్ ఇవ్వకుండా ఎన్నిసార్లు మొహం చాటేసిందో నాకు నోటికొచ్చు. ఇతరుల ఫోన్లలో చూసి చెప్పేవాణ్ణి. నా నంబరు మాత్రం ఆ స్తంభానికి చచ్చినా ఇవ్వనని నలుగురి ముందూ శపథం చేశాను. మా ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అని మా ఆవిడ వీధిలో అందరికీ చెప్పింది. మా అమ్మాయి రాంచీ నుంచి వచ్చినప్పుడు ఇంట్లో నెట్ కనెక్షన్ పెట్టిస్తానంటే కూడా వద్దన్నాను. వైరు కోసం గోడకి కన్నం పెడతారట. కొత్తగా వేయించిన రంగు, మచ్చ లేని గోడ. కన్నం పెట్టనివ్వలేదు.

బావ వాదనలో కొంత నిజం ఉందని నాకు లోపల్లోపల తెలుస్తూనే ఉండేది. పొద్దున్నే ఆ బెంచీ దగ్గర ఆటోవాళ్ళు, కాపలా కాసేవాళ్ళు, సొంతూళ్ళో వదిలొచ్చిన బిడ్డ మొహం చూసుకునే పనమ్మాయిలు ఎవరో ఒకరు ఉండేవారు. నాకు కనబడేవారు. కనబడినా చెప్పేవాణ్ణి కాదు. బావగారి ముందు ఓడిపోవడమంటే మాటలా.

ఇప్పుడు మా ఆవిడ సంగతి చెప్పాలి. పదకొండేళ్ళుగా భాలుబాసాలో ఒక నర్సరీ బడిలో ఆమె ఆయా. పిల్లల ముక్కులు తుడవడం, టిఫిన్ డబ్బాల మూతలు తియ్యడం, బాత్రూముకి తీసుకెళ్ళడం, ఏడ్చేవాణ్ణి ఎత్తుకుని వరండాలో తిప్పడం. ఆయాకి బళ్ళో కుర్చీ ఉండదు, పిల్లలతోపాటు కిందే. రెండేళ్ళ కిందట బడి పెద్దమ్మగారు ఈమెను పిలిచి, చిన్నపిల్లల టీచరు ట్రైనింగు దూరవిద్యలో చెయ్యి, పాసైతే ఎల్‌కేజీ నీకే ఇస్తాను అన్నారు. యాభై దగ్గరపడ్డాక మళ్ళీ పుస్తకం పట్టింది. కుక్కరు కూతలు లెక్కపెడుతూ చదివింది. పాత క్యాలెండర్ల వెనకవైపు నోట్సు రాసుకుంది. నేను ఊరుకున్నానా? టీచరమ్మగారూ, పప్పులో ఉప్పు తగ్గిందండీ అనేవాణ్ణి. ఆమె తల ఎత్తకుండా, డబ్బా అక్కడే ఉంది, ఏసుకోండి అనేది.

రాత పరీక్షలన్నీ పాసైంది. మిగిలింది ఒక్క మౌఖిక పరీక్ష. ఫోన్లో వీడియో కాల్‌లో పెడతారు, శనివారం పొద్దున పది గంటలకి. అది తప్పితే మళ్ళీ ఏడాదికి గానీ రాదు. ఏడాది దాకా పెద్దమ్మగారు ఆ క్లాసు ఖాళీగా ఉంచరు, వేరే ఎవర్నో తీసుకుంటారు. ఈ సంగతి మా ఇంట్లో ఇద్దరికీ తెలుసు. ఆ వారమంతా ఆమె నిద్రలో కూడా హిందీలో ఏవో జవాబులు చెప్పుకుంటూ ఉంది.

శనివారం తొమ్మిది గంటలకే ఆకుపచ్చ నేత చీర కట్టుకుని, జడకి పూలు పెట్టుకుని, ఫోను గోడకి ఆనించి కూచుంది. కాసేపటికి నన్ను పిలిచింది.

“ఏటండీ, నెట్టు రాట్లేదు.”

నా ఫోను చూశాను. నాకూ రాలేదు. మా అమ్మాయికి ఫోన్ చేశాను. మామూలు కాల్ కలిసింది.

“పాపా, ఆజ్ తో నెట్ బంద్ హై” అంది మా అమ్మాయి. తెలుగులో అడిగితే హిందీలో చెప్పడం దానికి చిన్నప్పట్నించీ అలవాటు. రాష్ట్రమంతా ఏదో సర్కారు ఉద్యోగాల పరీక్ష జరుగుతోందట. పేపర్లు ఫోన్లలో తిరక్కుండా మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాకా మొబైల్ నెట్ ఆపేశారట. “కల్ షామ్ కో మెసేజ్ ఆయా థా. ఆప్‌నే దేఖా నహీ?”

వచ్చింది. ముందురోజు సాయంత్రం నా ఫోన్లో టింగుమని వచ్చింది. ఈ కంపెనీల మెసేజ్‌లన్నీ దండగ అని నేనెప్పుడూ చదవకుండానే తుడిచేస్తాను. అది కూడా అలాగే తుడిచేశాను, పైగా గర్వంగా తుడిచేశాను. పుస్తకంలో మునిగిన మా ఆవిడ తన ఫోన్ చూసుకోలేదు. నేనైనా అది చదివి ఉంటే రాత్రికే ఏదో ఒక దారి చూసుకునేవాళ్ళం. ఆ మాట ఆమెకి చెప్పకుండా ఉండలేకపోయాను. చెప్పాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బావుండేది. ఆమె క్యాలెండరు కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి, అంచులు సర్ది, మడతపెట్టడం మొదలుపెట్టింది. ఆ పరీక్ష పెట్టే ఆఫీసు వేరే రాష్ట్రంలో ఉంది, ఇక్కడి నెట్ గొడవ వాళ్ళకి తెలీదు. ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. పక్కింట్లో నెట్ ఉంది గానీ వాళ్ళు తాళం వేసి పూరీ వెళ్ళారు. ఎదురింటివాళ్ళది మొన్నటి వానకి పోయి ఇంకా బాగవలేదు. నా మచ్చలేని గోడకేసి చూశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు బయట స్కూటరు ఆగింది. చెల్లెలి పరీక్ష సంగతి తెలిసిన బావ లోపలికి రాకుండా గుమ్మంలోంచే కేకేశాడు.

“సెల్లీ, కాయితాలు అట్టుకుని ఎక్కు. స్తంభం దగ్గరకెల్లిపోదాం.”

“టవర్లన్నీ కట్టేసినారు బావా, నీ స్తంభం ఎలా పంజేత్తాది?” అన్నాను.

“ఆపింది గాల్లోది. నా పెట్టెకి లైను భూమిలోంచి వత్తాది. ఆ కేబుల్ ఏసిన రోజు గొయ్యి పక్కన నించున్నాను నేను. ఓటీపీ మెసేజ్‌లో వత్తాది, మెసేజ్‌లు ఆపలేదు. నువ్వు ఇన్‌స్పెక్షన్ తర్వాత సేద్దువుగాని, ముందు నడు.”

నడిచాను. నడిచానంటే పరిగెత్తానన్నమాట. వాళ్ళిద్దరూ స్కూటరు మీద వెళ్ళిపోయారు.

నేను వెళ్ళేసరికి బెంచీ దగ్గర జాతరలా ఉంది. నెట్ లేని ఊరికి నెట్ ఉన్నది అక్కడొక్కచోటే అని ఎలా పొక్కిందో పొక్కింది. బావ అందర్నీ అటూ ఇటూ జరిపి బెంచీ ఖాళీ చేయించాడు. మా ఆవిడ ఫోను ఒక ఇటుకకి ఆనించి, టీకొట్టు బల్ల మీద ఆమె ఎదురుగా పెట్టాడు. తొమ్మిదీ నలభైకి ఆమె నంబరుతో నెట్ వచ్చింది. ఫోన్లో ‘వేచి ఉండండి, మీ ముందు ఇద్దరున్నారు’ అని కనబడింది.

మాకప్పుడు తట్టింది. అరగంటే. పది పదికి తెగిపోతుంది, అప్పటికి ఈమె వంతు కూడా రాకపోవచ్చు.

“నా నంబరు కొడదాం తర్వాత” అన్నాను.

“నీదా?” అన్నాడు బావ, నవ్వకుండా. “నీది ఆకరికి. శపథం సేసినోడివి.”

“మరి నీది కొట్టు.”

బావ మొహం తిప్పుకున్నాడు. పొద్దున ఆరింటికే బెంచీ మీద కూచుని పాత పాటలు చూస్తూ తన అరగంట వాడేసుకున్నాడు. టీకొట్టాయన నంబరు పొద్దుటి బేరాలకి అయిపోయింది. అక్కడ చేరిన జనానిదీ అదే పరిస్థితి. మిగిలింది క్రేన్ పెద్దాయన, ఇచ్ఛాపురం ఆయన.

“షిఫ్టు లాగ నడిపించేద్దాం” అన్నాడు క్రేన్ పెద్దాయన. ఆయన అంత పొడుగు వాక్యం మాట్లాడి నేను వినలేదు. కార్ఖానాలో పనిచేసిన ఎవరికైనా ఆ పద్ధతి రక్తంలో ఉంటుంది. మన తర్వాత డ్యూటీకొచ్చే మనిషిని రిలీవర్ అంటాం. రిలీవర్ వచ్చి చార్జి తీసుకోకుండా సీటు వదలకూడదు, తల మీద పిడుగు పడినా వదలకూడదు. మొదటి షిఫ్టు మా ఆవిడ నంబరు, రెండోది క్రేన్ పెద్దాయన, మూడోది ఇచ్ఛాపురం ఆయన. బావ ఫోర్‌మన్.

పది పదికి నెట్ తెగింది. బావ పక్కనుంచి చెయ్యి చాపి క్రేన్ పెద్దాయన నంబరు కొట్టాడు. పెద్దాయన ఫోనుకి ఓటీపీ వచ్చింది.

“ఎంత?” అన్నాడు బావ.

పెద్దాయన ఫోను గుండెలకి హత్తుకున్నాడు. “ఓటీపీ ఎవుడికీ సెప్పకూడదు.”

“అబ్బబ్బ, బ్యాంకుది కాదు, ఇది వైఫైది.”

“ఏదైనా. నా మనవరాలు ఒట్టు ఏయించుకుంది. ఎవుడికీ సెప్పను.”

నాకు ఒళ్ళు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచేలోగా మా ఆవిడ ఆయనకేసి చూసి, “మావయ్యా, మీరు ఎవుల్కీ సెప్పొద్దు. మీరే కొట్టండి, మేం అటు తిరుగుతాం” అంది. మేమందరం బుద్ధిగా అటు తిరిగాం. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒక్కో అంకే ఒంటివేలితో కొట్టాడు. ప్రకటన వచ్చింది. నెట్ వచ్చింది. “చార్జ్ టేకెన్” అని గట్టిగా చెప్పి ఆయన పక్కకి జరిగాడు.

పదీ ఇరవై అయిదుకి ఆమెను లోపలికి పిలిచారు. తెర మీద ముగ్గురు కనబడ్డారు. మధ్యలో ఉన్న పెద్దావిడ హిందీలో ఒక్కొక్క ప్రశ్నే అడుగుతోంది. బిడ్డ బడికి రానని ఏడిస్తే ఏం చేస్తారు. కొరికే పిల్లాడితో ఎలా మెలుగుతారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష అయితే ఏం చేస్తారు. మా ఆవిడ జవాబులు నిద్రలో చెప్పుకున్నట్టు లేవు. క్యాలెండరు కాగితాలకేసి ఒక్కసారి కూడా చూడలేదు. తమ బడిలో తెలుగు, ఒడియా, బెంగాలీ, సంతాలీ ఇళ్ళనుంచి వచ్చిన పిల్లలున్నారనీ, మంచినీళ్ళు, బాత్రూము, అమ్మ, ఈ మూడు మాటలు అన్ని భాషల్లోనూ తను నేర్చుకున్నాననీ చెప్పింది. ముప్పై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఆమెకి సంతాలీ మాటలు వచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

పదీ నలభైకి మళ్ళీ తెగింది. ఇచ్ఛాపురం ఆయన ఫోను, కళ్ళజోడు సిద్ధంగా పట్టుకుని నించున్నాడు. ఆయన నంబరు కొట్టి ఓటీపీ పెట్టేసరికి, తెర మీద మిగిలిన సమయం పావుగంట అని చూపించింది.

“పావుగంటేటి? అరగంటుండాలి గదా” అన్నాడు బావ.

ఇచ్ఛాపురం ఆయన నిలువునా నీరైపోయాడు. రిలీవర్ అన్నవాడు పావుగంట ముందే డ్యూటీలో ఉండాలి. రైల్వేలో ఎన్నడూ ఆలస్యంగా వెళ్ళని మనిషి. ఆ పద్ధతి ప్రకారమే, తన షిఫ్టు పదీ నలభైకి కాబట్టి, పదీ ఇరవై అయిదుకే తన ఫోన్లో లాగిన్ అయి, చార్జి తీసుకుని, నెట్ అలా వృథాగా పోతూ ఉంటే కదలకుండా నించున్నాడు. జీవితమంతా ఆయనకి మంచిపేరు తెచ్చిన అలవాటు ఆ రోజు మా కొంప ముంచింది. ఆయన్ని ఏమంటాం. నేనే ఆయన భుజం మీద చెయ్యి వేశాను.

“మరేటి సేద్దాం?” అన్నాడు బావ మెల్లగా, నాకేసే చూస్తూ. ఆ చూపులో ఎకసెక్కం లేదు. ఆ పార్కు మొత్తం మీద వాడని అరగంట ఒక్కటే మిగిలింది. ఏడాదిగా నేను దాచుకున్నది.

పదీ యాభై అయిదుకి నెట్ తెగేలోపే నా ఫోను తీసి చేతిలో పట్టుకుని నించున్నాను. తెగింది. బావ నా నంబరు కొట్టాడు. ఓటీపీ వచ్చింది. నా ఖర్మ, పార్కు అంతా వినబడేలా గట్టిగా చదివాను. ప్రకటన ఏదో నూనెది వచ్చింది, అందరం ఊపిరి బిగబట్టి పూర్తిగా చూశాం. తెర మళ్ళీ వెలిగింది. ఆ ముగ్గురూ ఇంకా అక్కడే ఉన్నారు. నేను జీవితంలో ఏ మనుషుల్ని చూసీ అంత సంతోషించలేదు.

“మీ వెనక నించున్న ఈ పెద్దమనుషులెవరు? అప్పుడప్పుడూ తెర మీదకి వచ్చే ఆ చెయ్యి ఎవరిది?” అని అడిగింది మధ్యలో ఉన్న పెద్దావిడ హిందీలో.

మా ఆవిడ దాచలేదు. ఈ ఊళ్ళో నెట్ లేదనీ, వీధి స్తంభం దగ్గర మనిషికి అరగంట చొప్పున వీళ్ళందరూ తమ వంతు తనకి ఇస్తున్నారనీ చెప్పింది. పెద్దావిడ పక్కనున్న ఇద్దరికేసీ చూసింది. తర్వాత నవ్వింది.

“ఆఖరిది, పాఠం చెప్పి చూపించాలి. నాలుగేళ్ళ పిల్లలకి అయిదు దాకా అంకెలు. పిల్లలు లేకపోతే ఊరికే చెప్పమంటాం. మీకు వెనకాలే పిల్లలున్నారు కదా” అంది.

మా ఆవిడ లేచింది. చీర కొంగు దోపింది. మాకేసి తిరిగింది. ఆ తిరగడంలోనే ఆమె వేరే మనిషి అయిపోయింది. “అందరూ కింద కూచోండమ్మా, చేతులు ఒళ్ళో” అంది మొదట హిందీలో, తర్వాత తెలుగులో. క్రేన్ పెద్దాయన మారుమాట్లాడకుండా గడ్డిలో చతికిలపడ్డాడు. ఇచ్ఛాపురం ఆయన మోకాళ్ళు పట్టుకుని కూచున్నాడు. బావ కూచున్నాడు. ఎప్పట్నించో ఫోన్లు పట్టుకుని నించున్న ఆటోవాళ్ళు, సంచీలు మోసుకుతిరిగే డెలివరీ పిల్లలు, కాపలా ఆయన అందరూ కూచున్నారు. ఆమె టీకొట్టు నుంచి అయిదు మట్టి ముంతలు తెచ్చి బోర్లించింది. ఒక్కొక్కటి తడుతూ లెక్కపెట్టించింది. ఏక్, దో అంది. ఒకటి, రెండు అంది. ఒడియాలో ఎలా అంటారో ఇచ్ఛాపురం ఆయన్ని అడిగింది. ఆయన చెయ్యెత్తి, లేచి నించుని మరీ చెప్పాడు. అందరిచేతా చప్పట్లు కొట్టించింది.

నేను వెనక ఫోను పట్టుకుని నించునే ఉన్నాను. కళ్ళు మసకబారి ఏమీ సరిగా కనబడ్డం లేదు.

“వెనకాల నించున్న బాబు, ముందుకి రా నాన్నా” అంది.

ముందుకెళ్ళి కూచున్నాను. ఆమె దోపిన కొంగు లాగి అడ్డం పెట్టి ఒక ముంత తీసి వెనక దాచింది. కొంగు తీసి, “ఇప్పుడెన్ని?” అంది. నాకేసే చూసింది.

“అయిదు” అన్నాను. నాలుగు ముంతలు కళ్ళెదురుగా ఉన్నాయి. ముప్పై రెండేళ్ళు కంటికి కనబడని గీతలు పట్టుకున్నవాణ్ణి. పార్కు ఘొల్లుమంది. క్రేన్ పెద్దాయన కూడా నవ్వాడు. తెర మీద ఆ ముగ్గురూ నవ్వారు. చెవులు వేడెక్కాయి నాకు.

ఆమె ఒక్కతే నవ్వలేదు. నా ఎదురుగా వంగి కూచుని, నా చెయ్యి పట్టుకుని, నా వేలు ముంత మీద పెట్టింది. “ఫరవాలేదు. తొందరేం లేదు. ఇద్దరం కలిసి మళ్ళీ లెక్కెడదాం” అంది. అంత నిదానం, అంత దయ ఉన్న ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. పదకొండేళ్ళుగా అది ఎవరెవరి పిల్లలకో దొరుకుతోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ఆమెతోపాటు గట్టిగా లెక్కపెట్టాను. చప్పట్లు కొట్టారు.

“బిడ్డ తప్పు చెప్తే ఏం చేస్తారని అడుగుదామనుకున్నాను. ఇంక అడగను” అంది పెద్దావిడ. “ఆ బాబు ఎవరు?”

“మా ఆయన మేడమ్” అంది మా ఆవిడ. “కొత్తగా చేరాడు. మెల్లగా నేర్చుకుంటాడు.”

కాల్ అయిపోయేసరికి నా అరగంటలో ఇంకా పది నిమిషాలు మిగిలాయి. ఎవరో టీలు పంచారు. బావ గ్లాసు పైకెత్తి, “నవ్విన నాపసేనే పండుతాది, ఇన్నావా?” అన్నాడు.

“ఇన్నాను గానీ బావా, అరగంట పద్ధతి లేకపోతే ఇంత తిప్పలు ఉండేది కాదు. గంటుండాలి. మీ ఆఫీసోల్లకి అర్జీ రాయాలి” అన్నాను.

“మా ఆఫీసోల్లు కాదు. ఇప్పుడు నీ నంబరు కూడా అందులో ఉంది. మన ఆఫీసోల్లు” అన్నాడు బావ. ఆ అర్జీ ఇద్దరం కలిసి రాశాం. రాస్తున్నంతసేపూ ప్రతీ వాక్యం దగ్గరా పోట్లాడుకున్నాం. ఆ స్తంభం గొప్పదా దండగదా అని ఇప్పటికీ తేలలేదు. నన్నడిగితే ఏడాదిలో ఎక్కువ రోజులు అది దండగే. ఆ ఒక్క పూట మాత్రం ఊళ్ళో దానికంటే విలువైన వస్తువు లేదు. ఈ రెండు మాటలూ నిజమేనని ఒప్పుకోవడం నాకు కొత్త, ఇంకా అలవాటు చేసుకుంటున్నాను.

మా ఆవిడ పాసైంది. బళ్ళు తెరిచిన రోజు టీచరుగా వెళ్ళింది. సాయంత్రం ఆమె వచ్చేవరకూ నేను వీధిలోనే పచార్లు చేశాను. రాగానే చెప్పులు విప్పకముందే అడిగాను, ఎలా ఉంది అని.

“టీచరుగారికి కుర్చీ ఏశారండీ” అంది. “పెద్దమ్మగారే స్వయంగా తెచ్చి ఏశారు. పిల్లలందరూ సూత్తన్నారు. కూచున్నాను.”

“ఎలా అనిపించింది?”

“కాసేపు కూచున్నాను. అక్కడి నుంచి ఆల్ల మొకాలు సరిగా కనబడట్లేదు. దిగిపోయి కిందే కూచున్నాను” అంది, నవ్వుతూ. “కుర్చీ నాదే లెండి. ఎక్కడికీ పోదు.”